అటక మీది రసీదు పుస్తకం

మాడిసన్, విస్కాన్సిన్
ఫిబ్రవరి 16, 2025

నాన్నగారికి,

నమస్కారాలు. పోయిన ఆదివారం ఫోన్లో "మీ స్కూల్లో యూనియన్ ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగారు. "ఉంది, కానీ లేదు" అన్నాను. మీరు నవ్వారు, అంతలో లైన్ కట్టయింది. అది ఫోన్లో తేలే సంగతి కాదు. పైగా మీకు ఏదైనా కాగితం మీద ఉండి, ఎర్రపెన్నుతో గీతలు గీసుకుంటూ చదివితేనే తృప్తి. అందుకే ఇవాళ సెలవురోజు కదా అని కూర్చుని రాస్తున్నాను. తమ్ముడు ప్రింట్ తీసి ఇస్తాడు. తప్పులుంటే మార్కులు తగ్గించకండి.

ముందు ఒక తేడా చెప్పాలి. మన దగ్గర జీతాలు పెరగాలంటే పీఆర్సీ అని వేతన సవరణ కమిషన్ వేస్తారు, అది రిపోర్టు ఇస్తుంది, మంత్రులతో చర్చలు జరుగుతాయి, చివరికి ప్రభుత్వం జీవో ఇస్తుంది. సంఘాల వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ కాగితం ప్రభుత్వానిదే. 2022లో అప్పటిదాకా ఇస్తున్న ఐఆర్, అంటే మధ్యంతర భృతి, 27 శాతమైతే ఫిట్‌మెంట్, అంటే అసలు పెంపు, 23 దగ్గర ఆపేసినప్పుడు మీరెంత మండిపడ్డారో గుర్తుంది. ఫిబ్రవరి 3న చలో విజయవాడకి మీరు బయల్దేరబోతే, డెబ్భై ఏళ్ల మనిషికి ఇదేం పనని అమ్మ చెప్పులు దాచేసింది.

ఇక్కడ విస్కాన్సిన్ రాష్ట్రంలో 2011 దాకా పద్ధతి వేరు. టీచర్ల సంఘమూ స్కూల్ బోర్డూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పందం రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టేవాళ్లు. జీతం ఒక్కటే కాదు, పాఠం తయారు చేసుకోవడానికి రోజుకి ఎంత టైము, పోస్టులు తగ్గిస్తే ముందు ఎవరు పోవాలి, పైవాళ్ల మీద ఫిర్యాదు ఉంటే ఎవరు వినాలి, ఇవన్నీ అందులో ఉండేవి. బోర్డు మాట తప్పితే మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. మన పత్రికలు సమష్టి బేరసారాలు అని రాసేది దీన్నే. స్థానిక సంస్థల ఉద్యోగులకి ఈ హక్కుని చట్టం చేసి ఇచ్చిన మొదటి రాష్ట్రం దేశం మొత్తం మీద ఇదే, 1959లో. సమ్మె మాత్రం ఇక్కడా నిషిద్ధమే. 1974లో హార్టన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఒప్పందం కుదరక టీచర్లు సమ్మెకి దిగితే 80 మందికి పైగా ఇంటికి పంపించేశారు. తమిళనాడు ఉద్యోగుల కేసులో సమ్మె హక్కు లేదని 2003లో మన సుప్రీంకోర్టు చెప్పిన రోజు మీరు పేపరు మడిచి పక్కన పెట్టి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అలాంటి రోజులు వీళ్లూ చూశారు.

ఇక 2011. నేను అప్పటికి యూనివర్సిటీలో రెండో ఏడు, టీచింగ్ అసిస్టెంట్‌ని. ఫిబ్రవరి 11న కొత్త గవర్నర్, రిపబ్లికన్ పార్టీ మనిషి స్కాట్ వాకర్, ప్రభుత్వ ఉద్యోగుల ఈ బేరసారాల హక్కుని కోసేసి, పింఛనుకి జీతంలోంచి వాటా కట్టమనే బిల్లు బయటపెట్టాడు. ఈజిప్టులో ముబారక్ దిగిపోయింది కూడా ఆరోజే, కాబట్టి టీవీలో మొదట మా వార్తకి చోటే లేదు. 14న మా టీఏల సంఘం పిల్లలంతా ప్రేమికుల దినం కార్డుల మీద యూనివర్సిటీని కాపాడమని రాసి గవర్నర్ ఆఫీసుకి పట్టుకెళ్లారు. నేనూ వెళ్లాను. ఇంటికి చెప్పలేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నదాన్ని, పోలీసులు పట్టుకుంటే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. అంతమంది ఉన్నా నేను తలుపుకి దగ్గరగానే నిలబడ్డాను.

రెండు మూడు రోజుల్లో అది మా చేతులు దాటిపోయింది. మంచులో వేలమంది చేరారు. రాత్రిళ్లు అసెంబ్లీ భవనంలోనే, ఆ పాలరాతి నేల మీద పడుకున్నారు. స్టేట్ స్ట్రీట్‌లోని పిజ్జా కొట్టుకి ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు, 'డబ్బు మేం కడతాం, లోపలున్న వాళ్లకి పంపండి' అని. ఈజిప్టు నుంచి కూడా ఆర్డర్ వచ్చింది. నేను తిన్న ముక్క ఎవరు కొనిచ్చిందో ఇప్పటికీ తెలీదు.

మీకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. డబ్బుతో ముడిపడిన బిల్లు సెనేట్‌లో పెట్టాలంటే కనీసం 20 మంది ఉండాలి. రిపబ్లికన్లు 19 మందే. దాంతో డెమొక్రాట్లు 14 మందీ ఫిబ్రవరి 17న సరిహద్దు దాటి పక్క రాష్ట్రం ఇల్లినాయ్ వెళ్లిపోయారు, ఇక్కడి పోలీసులు అక్కడికి వెళ్లి పట్టుకురాలేరని. మన దగ్గర క్యాంపు రాజకీయాలంటే ఎమ్మెల్యేలు గోడ దూకకుండా పార్టీవాళ్లే రిసార్టులో పెడతారు. వీళ్లు తమంతట తామే పోయి దాక్కున్నారు, మొదట దిగింది కూడా ఒక రిసార్టులోనే! బిల్లు మూడు వారాలు ఆగింది. తర్వాత అధికారపక్షం బిల్లులోంచి డబ్బు సంగతులు విడదీసి, మిగిలినదాన్ని మార్చి 9న 18-1 ఓట్లతో పాస్ చేసుకుంది. 11న గవర్నర్ సంతకం పెట్టేశాడు. ఆక్ట్ 10 అంటారు దాన్ని.

ఇప్పుడు అసలు విషయం. తమ్ముడు ఒకసారి అడిగాడు, పింఛనుకి జీతంలో 5.8 శాతం కట్టమంటే అంత గొడవెందుకక్కా అని. వాడిది సీపీఎస్, ఉద్యోగి కూడా వాటా కట్టే పింఛను, ప్రతినెలా పది శాతం పోతుంది కదా, అందుకని వాడికి వింతగా ఉంది. ఏడాదికి 50 వేల డాలర్ల జీతం ఉన్న టీచరుకి అది 2,900 డాలర్లు. ఇన్సూరెన్స్ వాటా వేరే. చిన్న దెబ్బేం కాదు. అయినా పెద్ద యూనియన్ల నాయకులు అప్పుడే చెప్పేశారు, 'ఆ డబ్బు కోతకి మేం సరే, కూర్చుని మాట్లాడుకునే హక్కు మాత్రం ఉంచండి' అని. గవర్నర్ ఒప్పుకోలేదు. గొడవ డబ్బుది కాదని నాకు అప్పుడే అర్థమైంది.

చట్టం యూనియన్ని నిషేధించలేదు నాన్నా. మూడు చిన్న పనులు చేసింది. ఇకమీదట మూలవేతనం గురించి తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు, అదీ ధరల సూచీ ఎంత పెరిగితే అంతవరకే. మీ డీఏ లాంటిదే అనుకోండి. కాకపోతే మీకు డీఏ అంటే కనీసం అది ఇవ్వాల్సిందేనని అడిగేది, ఇక్కడ అంతకు మించి అడగడానికి వీల్లేనిది. దాటాలంటే ఆ ఊరి ఓటర్లందరి దగ్గర రెఫరెండం పెట్టాలి. రెండోది, జీతంలోంచి సంఘం చందా కోసి ఇవ్వడం ఆపేశారు. మూడోది నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. యూనియన్ ప్రతి ఏడూ ఎన్నికకి వెళ్లి గుర్తింపు తెచ్చుకోవాలి. వచ్చి ఓటేసిన వాళ్లలో సగం కాదు, ఉద్యోగులందరి లెక్కలో 51 శాతం రావాలి. జ్వరమొచ్చి పడుకున్నవాడు, మరిచిపోయినవాడు, అందరూ వద్దన్నట్టే. ఆ లెక్కన మన పంచాయతీ ఎన్నికల్లో ఎంతమంది సర్పంచులు గెలుస్తారు? ఆ గవర్నర్ కూడా గెలిచేవాడు కాదు. మా టీఏల సంఘమైతే ఈ ఎన్నికకే పోకూడదని తీర్మానించుకుంది, గుర్తింపు లేకుండానే నడుపుకుంటామని.

పోలీసులనీ ఫైర్ సర్వీసు వాళ్లనీ మాత్రం ఇందులోంచి మినహాయించారు. అయినా ఫైర్‌మెన్ యూనిఫారాల్లో, బ్యాగ్‌పైప్‌లు ఊదుకుంటూ మా ఊరేగింపుల్లోకి వచ్చారు. వాళ్లు లోపలికి నడిచి వస్తుంటే జనం రెండుగా చీలి దారిచ్చారు. నాకు ఏడుపొచ్చింది.

అయితే మీరెప్పుడూ అంటారు కదా, అవతలివాడి లెక్క కూడా బోర్డు మీద వేసి చూడమని. మా పక్కింటాయన ఫ్యాక్టరీ కార్మికుడు. 2008లో ఫ్యాక్టరీ మూసేశారు. ఆయనకీ యూనియన్ ఉండేది, కాపాడలేకపోయింది. తర్వాత దొరికిన ఉద్యోగంలో పింఛనే లేదు. తన ఇంటి పన్నుతో జీతం తీసుకునేవాళ్లకి తనకి లేని పింఛను, ఇన్సూరెన్సు ఉంటే, దానికి వాటా కట్టమన్నందుకు రోడ్డెక్కారని ఆయన కోపం. మన బాబాయి "సర్కారీ అల్లుళ్లు" అంటాడు చూడండి, అదే గొంతు. ఇంకొక మాట కూడా అన్నాడు, అది నిజమే. చాలా స్కూల్ బోర్డులు టీచర్ల యూనియన్‌కి అనుబంధంగా ఉన్న సంస్థ దగ్గరే ఇన్సూరెన్స్ కొనేవి, ఒప్పందంలో అలా రాసుకున్నారు కాబట్టి. చట్టం వచ్చాక బయట చవగ్గా కొన్నాయి. దానికి మా వాళ్ల దగ్గర మంచి జవాబు లేదు. పింఛను నిధి మాత్రం దివాలాలో లేదు, దేశంలో నిండుగా ఉన్న నిధుల్లో అదొకటి. ఆ సంగతి చెప్తే ఆయన "నీది నిండుగా ఉంది, నాది లేదు" అన్నాడు. ఏమంటాం?

గవర్నర్ని వెనక్కి పిలిపించాలని 9 లక్షలకి పైగా సంతకాలు పోగయ్యాయి. 2012 జూన్ 5న మళ్లీ ఎన్నిక పెడితే ఆయనే 53 శాతంతో గెలిచాడు. అసెంబ్లీ చుట్టూ లక్షమందిని చూసి, రాష్ట్రమంతా మా వైపే ఉందనుకున్నాం. మా పక్కింటాయన లాంటివాళ్లు అక్కడికి రాలేదు, అంతే. 2018లో వాకర్ ఓడిపోయాడు కానీ చట్టం అలాగే ఉంది. మొన్న డిసెంబర్ 2న ఇక్కడి జిల్లా జడ్జి దానిలో చాలా భాగం చెల్లదన్నాడు. పోలీసులకి ఒక న్యాయం, మిగతావాళ్లకి ఒక న్యాయం ఎలా కుదురుతుందని ప్రశ్న. అసెంబ్లీ భవనాన్ని కాపలా కాసే పోలీసుల్ని, అడవి వార్డెన్లని కూడా మినహాయింపులో చేర్చలేదట మరి. రిపబ్లికన్ల చేతిలో ఉన్న శాసనసభ అప్పీలుకి వెళ్లింది, తేలేదాకా ఆక్ట్ 10 చట్టమే నడుస్తుంది. అందుకే ఉంది, కానీ లేదు అన్నాను.

ఇక నా సంగతి. పీహెచ్‌డీ వదిలేసి హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరానని మీరు ఊరంతా చెప్పుకుని మురిసిపోయారు, అమ్మ పది రోజులు ఏడ్చింది. నేను చేరేటప్పటికి ఒప్పందం లేదు, దాని బదులు బోర్డువాళ్లు రాసిన హ్యాండ్‌బుక్ చేతికిచ్చారు. అందులో ఏది ఎప్పుడు మారుస్తారో వాళ్ల ఇష్టం. పోయిన నవంబరు ఎన్నికకి మా బిల్డింగు బాధ్యత నామీద పెట్టారు. ఓటు ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో వేస్తే చాలు, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసం ఒక్కొక్కరి వెంట ఎంత తిరిగానో! సైన్సాయన "వేస్తాలే" అని నాలుగుసార్లు అన్నాడు. చివరికి పార్కింగ్‌లో పట్టుకుని, చలికి ఆయన గ్లవుజులు తీయనంటే నేనే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి అమాయకంగా అడిగింది, "ఈ యూనియన్ ఏం చేస్తుంది?" అని. నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. పాతరోజుల్లో ఏం చేసిందో చెప్పగలను. ఇప్పుడు?

ఆ రాత్రి మీరు గుర్తొచ్చారు. మా చిన్నప్పుడు జీతాల రోజు అయ్యాక మీరు సైకిలు మీద మండలంలో స్కూలు స్కూలుకీ తిరిగేవారు, చొక్కా జేబులో రసీదు పుస్తకం, మధ్యలో కార్బన్ కాగితం. సంవత్సర చందా కోసం మీరు ఒక్కొక్క పంతులుగారింట్లో గంటలు కూర్చుని, చందా సంగతి తప్ప అన్నీ మాట్లాడి, లేచి వచ్చేముందు పుస్తకం తీసేవారట. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించి పెద్ద మాస్టార్లని ఒక్క నెలాఖరులో ఇంటికి పంపినప్పుడు ఆ ఇళ్లన్నీ మీకు తెలుసు కాబట్టే తిరగగలిగారు. మీ సంఘానికి జీతంలోంచి ఎవరూ చందా కోసి ఇవ్వలేదు. ఇక్కడివాళ్లకి ఏళ్ల తరబడి డబ్బు దానంతటదే వచ్చేది. రెండో తరానికి వచ్చేసరికి ఇల్లిల్లూ తిరగడం మరిచిపోయారేమోనని నా అనుమానం. చట్టం అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ అది తగిలిన చోటు మాత్రం అప్పటికే మెత్తబడి ఉంది. మీటింగులో ఈ మాటంటే ఇద్దరు ముఖం ముడుచుకున్నారు, ఒకావిడ మాత్రం తర్వాత వచ్చి "మీ నాన్న ఎలా తిరిగేవారు?" అని అడిగింది.

కాబట్టి నాకు రెండు విషయాలు రాసి పంపండి. ఒక గ్రామంలో హెడ్మాస్టరుగారు మీ సంఘం పేరెత్తితే తలుపు వేసేవారని చెప్పేవారు కదా, చివరికి ఆయన ఎలా కట్టారు? ఏడాది పొడుగునా మీరు కనిపించకుండా చందా రోజునే వెళ్తే ఏమనేవారు? ఇక అటక మీద ఇనప్పెట్టెలో పాత రసీదు పుస్తకాలు ఉండాలి. దీపావళి దులుపుళ్లలో అమ్మ అమ్మేసి ఉండకపోతే ఒకటి తీసి పక్కన పెట్టండి. జూన్‌లో వచ్చినప్పుడు తెచ్చుకుంటాను, ఆ సైన్సాయనకి చూపించాలి.

ఇక్కడ అందరం కులాసా. పిల్లాడు ఎక్కాలు పదమూడు దాకా వచ్చాడు, పద్నాలుగు దగ్గర మొండికేస్తున్నాడు. మీరు బీపీ మాత్ర పొద్దున్నే వేసుకోండి, కాఫీ తర్వాత కాదు. అమ్మకి నా నమస్కారాలు, ఈసారి గోంగూర పచ్చడిలో ఉప్పు కొంచెం తగ్గించమని చెప్పండి.

మీ పెద్దమ్మాయి