తెల్లబరిచే క్రీముల్లో పాదరసం: ఔషధ నియంత్రణ శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి, విజయవాడ.

నమస్కారములు.

చర్మాన్ని తెల్లబరుస్తాయని చెప్పి అమ్మే కొన్ని క్రీముల్లో కలిపే పాదరసం, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకోవడంతో ఆగక, చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆవిరై, క్రీము ముట్టని చంటిబిడ్డలకు సైతం హాని చేస్తుంది. 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి పాదరస సమ్మేళనాల వాడకాన్ని నిషేధించింది. అనుకోకుండా చేరినా, కంటి చుట్టూ వాడేవాటిలో తప్ప, అది పది లక్షల భాగాల్లో 1 భాగాన్ని మించరాదు. అయినా 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బును వైద్యులు గుర్తించారు. ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ 'ఆపరేషన్ సౌందర్య' పేరిట తనిఖీలు జరిపింది.

మనమూ రోగులు బయటపడేదాకా ఆగాలా? ఒంటి రంగును ఎత్తిచూపి ఆడపిల్లలను నొప్పించే అలవాటును మాన్పడం మీ ఒక్కరి వల్ల కాదు, కానీ ఆ నొప్పిని సొమ్ము చేసుకునే విషాన్ని ఆపే అధికారం మీకుంది.

పెళ్లిళ్ల కాలానికి ముందే బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ దుకాణాల నుంచీ ఆన్‌లైన్ అమ్మకందార్ల నుంచీ నమూనాలు తీసి, పాదరసం, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉన్నాయేమో పరీక్ష చేయించి, ఫలితాలను బ్యాచ్ నంబరుతో సహా తెలుగులో ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాలనూ, రిజిస్ట్రేషన్ లేని దిగుమతి సరుకునూ వెంటనే అమ్మకం నుంచి తొలగించాలి.

ఇట్లు,
విజయవాడ పౌరురాలు