కోర్టు కొలువంటే వేసవి సెలవులేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో కోర్టు ఉద్యోగాల లాభాల గురించి అర పేజీ వేశారు. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. దానికి తోడు పెట్టిన ఫొటో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుది. నల్లగొండలో కోర్టు లేదా? మీ విలేకరికి ఇక్కడి కోర్టు గేటు దాకా నడిచే ఓపిక లేకపోయిందా?

కోర్టులో గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కుగా, సూపరింటెండెంటుగా చేసి దిగిపోయినవాణ్ణి. అందుకే ఈ నాలుగు ముక్కలు రాసే హక్కు ఉందనుకుంటున్నాను.

మీ వ్యాసంలో మొదటి లాభం వేసవి సెలవులు. అయ్యా, మే నెలలో మూసేది సివిల్ కోర్టులు. మేజిస్ట్రేట్ కోర్టులకు ఆ భాగ్యం లేదు. పట్టుకొచ్చిన ముద్దాయిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగంలో ఉంది. దొంగలు వేసవి సెలవులు పాటించరు, పోలీసులు ఆదివారమని ఆగరు. రిమాండ్ రిపోర్టు వచ్చిందంటే పండగపూట కూడా గుమాస్తా అన్నం ముందు నుంచి లేచి రావాల్సిందే. పోనీ సివిల్ కోర్టులో కూడా తలుపు మూసినంత మాత్రాన అందరికీ సెలవని కాదు. కోర్టు నడిచే రోజుల్లో ముట్టుకోవడానికి తీరిక దొరకని రికార్డు రూమ్ పని అంతా అప్పుడే పైన పడుతుంది. వెకేషన్ వాడుకున్నవాళ్లకు ఆర్జిత సెలవుల్లో కోత పడుతుందన్న సంగతి మీ వ్యాసంలో ఏ మూలా కనిపించలేదు.

పదిన్నరకు వెళ్లి అయిదింటికి ఇంటికి రావచ్చట! అయిదింటికి లేచేది జడ్జిగారు బెంచి మీద నుంచి. ఆ తర్వాతే మాకు అసలు పని మొదలు. ఆనాటి వాయిదాలన్నీ డైరీకి ఎక్కాలి, కంప్యూటర్‌లో తేదీలు పడాలి, మర్నాటి కట్టలు తీసి వరుసలో పెట్టాలి. ఒక్క వాయిదా తేదీ తప్పు పడితే పొద్దున్నే వకీలు గుమాస్తా వచ్చి టేబుల్ ముందు నిలబడతాడు.

ఇక ప్రాసెస్ సర్వర్. కోర్టు సమన్లు, నోటీసులు ఊరూరా తిరిగి మనుషులకు అందించేవాడు. మీరు ఆ ఉద్యోగానికి జీతం స్కేలు వేసి సరిపెట్టారు. ఆ పని ఎలా ఉంటుందో నేను చెబుతాను. దేవరకొండ అవతల చందంపేట, నేరడుగొమ్ము వైపు ఒక తండాకు సమన్లు పట్టుకుని బయల్దేరతాడు. బండి తనది, పెట్రోలు చాలాసార్లు తన జేబులోది. ఎండన పడి పోతే ఆ ఇంటికి తాళం. మనిషి హైదరాబాద్‌కు అడ్డా కూలికి పోయాడంటారు, ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పరు. కాపీ తలుపుకు అంటించి, పక్కింటివాళ్లను సాక్షి సంతకం అడిగితే, కోర్టు కాగితం అనేసరికి ఉన్నవాళ్లు కూడా లోపలికి పోయి గడియ పెట్టుకుంటారు. తిరిగొచ్చి రిపోర్టు రాస్తే ఇటు వకీలుకు కోపం, అటు బెంచి మీద నుంచి చీవాట్లు. పాలమూరు వైపు అమ్రాబాద్, అచ్చంపేట అంచు ఊళ్లకు తిరిగినవాళ్లను అడగండి, ఇంతకంటే ఎక్కువే చెబుతారు.

పింఛను ఉద్యోగమని మీరు రాసింది చదివితే నవ్వు కూడా రాలేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను లేదు. సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే పింఛను పథకం) కింద మూలవేతనం, డీఏ కలిపి పది శాతం నెలనెలా కోసి మార్కెట్‌లో పెడతారు. రేపు చేతికి ఎంత వస్తుందో ఏ దేవుడూ చెప్పలేడు. నేను పాత పింఛను వాణ్ణి, నాకు ఢోకా లేదు. కానీ నా పక్క టేబుల్ మీద అదే పని చేసిన కుర్రవాడికి ఆ ధీమా లేదు. పిల్లలు మీ పేపరు చూసి తల్లిదండ్రులకు పింఛను ఉద్యోగం అని చెప్పుకుంటున్నారు. కొత్తగా చేరేవాళ్లకు పాత పింఛను లేదన్న ఒక్క వాక్యం రాసి ఉంటే మీ అర పేజీలో ఎంత చోటు పట్టేది?

హెల్త్ కార్డు కూడా లాభాల్లో వేశారు. ఆ కార్డు పట్టుకుని ఓ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి చూడండి. ముందు డబ్బు కట్టండి, తర్వాత బిల్లు పెట్టుకోండి అంటారు. రిటైర్మెంట్ వయసును 2021లో 61 చేశారు, సంతోషం. ఆ 61 నిండి 2024 మార్చి నుంచి దిగిపోయినవాళ్లు గ్రాట్యుటీ కోసం, దాచుకున్న భవిష్యనిధి (జీపీఎఫ్) కోసం ఖజానా చుట్టూ తిరుగుతున్న సంగతి మీ పేపర్లోనే ఎన్నిసార్లు రాలేదు? ఒక పేజీలో ఏడుపు, ఇంకో పేజీలో లాభాలు. రెండూ ఒకరే దిద్దుతారా?

ఇదంతా చదివి కోర్టు కొలువు వద్దంటున్నానని అనుకోకండి. అసలు లాభం మీరు రాయనే లేదని నా బాధ. రాజ్యాంగం 235వ అధికరణం కింద కింది కోర్టుల మీద అజమాయిషీ హైకోర్టుది. దాని చలవ వల్ల కోర్టు గుమాస్తా బదిలీ కోసం ఎమ్మెల్యే ఇంటి అరుగు మీద కూర్చోనక్కర్లేదు. మున్సిపాలిటీలో, మండలాఫీసులో చేసిన నా స్నేహితులు ఒక్క ఫోనుకు ఫైలు ఎటు జరపాలో తెలియక బీపీ తెచ్చుకున్నారు. నాకు జడ్జిగారి మాట తప్ప ఇంకో మాట వినే అవసరం రాలేదు. రోజూ వాదనలు చెవిన పడీ పడీ చట్టం ఒంటబట్టింది. ఊళ్లో భూమి తగాదా వస్తే, కేసు వేయకముందే ఇద్దర్నీ కూర్చోబెట్టి లోక్ అదాలత్ దారి చూపించగలిగాను. జీతం రాళ్లకు దొరకని గౌరవం అది. మీ వ్యాసంలో దీనికి ఒక్క లైన్ లేదు.

ఇంకో మాట. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి. సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కక్షిదారులకు బస్సు చార్జీలు తగ్గాయి. మంచిదే. కానీ కోర్టులు పెరిగినంత వేగంగా మనుషులు పెరగలేదు. చాలావరకు ఉన్న సిబ్బందినే తలా ఇంత పంచి పంపారు. 2025 జనవరిలో హైకోర్టు 1,673 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే పండగలా రాశారు. అన్ని ఖాళీలు పేరుకునేదాకా ఎందుకు ఆగారని ఎవరూ అడగలేదు. కోర్టు కాగితాలకు నకళ్లు తీసే కాపీయిస్టు ఒక్కడే ఇద్దరి పని చేస్తుంటే, నకలు కోసం రైతు పొలం వదిలి మళ్లీ మళ్లీ కోర్టుకు రావాలి. ఉద్యోగి లాభాల లెక్క వేసే మీరు, ఆ ఖాళీ కుర్చీ వల్ల కక్షిదారుకు పడే నష్టాన్ని కూడా లెక్క వేయాలి కదా?

వెనకటికి విలేకరులు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని విచారణ విని రాసేవాళ్లు. ఇప్పుడు పోలీసులు పంపిన ప్రెస్ నోటే వార్త. తీర్పు రాకముందే మనిషి దొంగ అయిపోతాడు. కేసు కొట్టేసిన రోజు మాత్రం ఆ పేరు ఏ పేజీలోనూ కనపడదు. మీ ఉద్యోగాల పేజీ కూడా అదే తీరున తయారైంది. వ్యాసానికి ఎదురుగానే కోచింగ్ సెంటర్ ప్రకటన పడింది. అది యాదృచ్ఛికమేనని నమ్ముతున్నాను, నమ్మమంటే.

చివరగా, ఒక సవరణ మాత్రం వెంటనే వేయండి. ఆఫీసు సబార్డినేట్ (అటెండరు) పోస్టు 19,000 మూలవేతనాన్ని చూపించి డిగ్రీ పిల్లల్ని కూడా దరఖాస్తు చేసుకోమన్నారు. ఏడు నుంచి పదో తరగతి వరకు చదివినవాళ్లకే ఆ పోస్టు, అంతకుమించి చదివినవాళ్లు అనర్హులని హైకోర్టు నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంటుంది. మా వీధిలో ఇద్దరు డిగ్రీ పిల్లలు మీ పేపరు పట్టుకుని ఫీజు కట్టడానికి మీసేవకు బయల్దేరారు. నేను ఆపాను. మిగతావాళ్లను ఆపాల్సింది మీరే. సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేస్తారని ఆశిస్తున్నాను.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, నల్లగొండ