మందు చల్లకముందు చేపను చూడు

నాన్నా,

ఫోన్ ఎత్తడం లేదని కోపంతో రాయడం లేదు. పిల్లాడి దగ్గు తగ్గిందో లేదో కనుక్కుందామని. అన్నట్టు, చేపల మీద ఎర్రమచ్చలు కనబడగానే యాంటీబయాటిక్ తెచ్చి చెరువు నీళ్ళలో చల్లావట, చిన్నమామయ్య చెప్పాడు. నిజమేనా?

అలా చల్లితే చేప ఒంట్లోకి చేరేది ఏ కాస్తో. మిగతాది అక్కడి బ్యాక్టీరియాను మందుకు రాటుదేలుస్తుంది. పొట్ట ఉబ్బి పొలుసులు లేస్తే ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా, మొప్పల మీద పసుపు తెలుపు మచ్చలుంటే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అని అనుమానించు, అంతే. కంటితో చూసి తేల్చేయకు. చచ్చి తేలిన చేప పరీక్షకు పనికిరాదు, కుళ్ళు బ్యాక్టీరియా అసలుదాన్ని కప్పేస్తుంది. గట్టు పక్కన నీరసంగా తిరిగే నాలుగైదింటిని ప్రాణంతోనే ఆక్సిజన్ సంచిలో ల్యాబుకి పంపు. చేప కిడ్నీ నుంచి కల్చర్ (ఏ బ్యాక్టీరియానో పెంచి చూడడం), సెన్సిటివిటీ పరీక్ష (దానికి ఏ మందు పనిచేస్తుందో చూడడం), రెండూ చేయమను.

పెద్దమామయ్య చెరువులోనూ ఇవే ఎర్రమచ్చలు. మేతలో మందు కలిపాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. మోతాదు పెంచాడు. మందు మార్చాడు. చచ్చేవి చస్తూనే ఉన్నాయి. చివరికి ఎవరో చేపను చేతిలోకి తీసుకుని రెక్కల మొదళ్ళలో చూస్తే చేప పేను, ఆర్గులస్, కంటికి కనబడేంత పెద్దవి! అవి పొడిచిన చోటల్లా పుండు, ఆ పుండులోంచి బ్యాక్టీరియా. పేను పోకుండా ఏ యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? నువ్వు చూశావా రెక్కల కింద? నీకు తెలియదని కాదు, అయినా అడుగుతున్నాను.

రిపోర్టు వచ్చేలోపు మేత సగానికి తగ్గించు, వల లాగకు. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, కొలువు, లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపుంటే ఏరియేటర్లు ఆపొద్దు. చచ్చినవాటిని రోజూ ఏరి సున్నం వేసి పాతిపెట్టు. ఇంకేం చల్లకు!

రిపోర్టు చూసి ఓటీసీ (ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్) మేతలో కలిపి వాడమంటే లెక్క సరిగా వెయ్యి. చేప కిలోకు రోజుకు 75 మిల్లీగ్రాములని రాస్తే 2 టన్నుల చేపకు 150 గ్రాములు. అది అసలు మందు బరువు, ప్యాకెట్ బరువు కాదు, శాతం చూసుకో. తగ్గిందని మధ్యలో ఆపకు. బాగా ముదిరిన చేప మేత ముట్టదు, దానికి మందెక్కదు, అందుకే ఆలస్యం చేయొద్దంటాను. మందు ఆపాక ఆగమన్న వ్యవధి దాటకుండా పట్టుబడి పెట్టకు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపలకు నిషేధించిన మందులు, ఎవరు ఊరికే ఇచ్చినా ముట్టకు.

నీ కాలి గాయం మానిందా? మానకపోతే బూట్లు లేకుండా నీళ్ళలో దిగకు, ఏరోమోనాస్ మనుషుల పుండ్లనూ వదలదు. ఆ రిపోర్టు ఫొటో తీసి పంపు, ఫోన్ ఎత్తకపోయినా ఫర్వాలేదు.

అమ్మ