వారంటీలోనే మెడ పగిలిన చేతి ప్రెస్సు గురించి ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ సర్వీసు మేనేజరు గారికి,

విషయం: ఏడాది నిండకముందే పగిలిన మీ 2 టన్నుల చేతి ప్రెస్సు.

అయ్యా,

కావలిలో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. హ్యాండిల్ లాగితే ర్యామ్, అంటే నిలువు కడ్డీ, కిందకు దిగి నొక్కే మీ కంపెనీ చేతి ప్రెస్సు ఒకటి మీ డీలరు దగ్గర కొన్నాను. ఏడాది వారంటీ. ఆ గడువు దాటకుండానే ఫ్రేము మెడ దగ్గర బీట విచ్చింది, ర్యామ్‌ని దించే చిన్న పళ్ళ చక్రం, అదే పినియన్, దాని పన్ను ఒకటి విరిగింది. డీలరుకి ఫొటోలు పంపితే, ఓవర్‌లోడ్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఈ ప్రెస్సు మీద మేం చేసేది మోటారు షాఫ్టు మీదకు బేరింగులు ఎక్కించే పని. అల్లూరు, విడవలూరు వైపు నుంచి వచ్చే రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లే ఎక్కువ. వాటికి పడేవి 6204, 6205 సైజులు. 6205కి షాఫ్టు 25 మిల్లీమీటర్లు. అది ఎక్కడానికి మీరు ప్లేటు మీద కొట్టిన 2 టన్నుల దరిదాపులకు కూడా పోనక్కర్లేదు. హ్యాండిల్‌కి పైపు తొడిగి లాగామని మీకు అనుమానముంటే షాపులో కెమెరా ఉంది, వచ్చి చూసుకోండి.

బీట వెంట రంగు గీరి చూశాను. కింద పుట్టీ. పుట్టీ తీస్తే వేలి గోరు దూరేంత బ్లోహోల్, అంటే పోతలో గాలి చిక్కి పడే బొక్క. ఇలాంటి ప్రెస్సులో లాగుడంతా మెడ లోపలి అంచు మీదే పడుతుంది. పోత ఇనుము నొక్కుడుకి ఆగినట్టు లాగుడుకి ఆగదు. ఫౌండ్రీ ఉన్న మీకు ఇది నేను చెప్పాలా? సరిగ్గా ఆ చోటే బ్లోహోల్ పడితే ఆ పోతను కరిగించి మళ్ళీ పోయాలి. పుట్టీ పెట్టి, రంగు కొట్టి అమ్మారంటే మీవాళ్ళకు విషయం తెలిసే జరిగిందని నేను అనుకుంటున్నాను.

మా షాపులో ఇంకో ప్రెస్సు ఉంది. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు మూతపడ్డాక తుక్కు వేలంలో మా నాన్న కొన్నది. అప్పటికే పాతది, చేసినవాళ్ళ పేరు కూడా అరిగిపోయింది. ఇవాళ్టికీ దాని మీద పని నడుస్తోంది. పాత సరుకు మందం, అందుకే ఆగిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. దాని ర్యామ్ పక్కన, అది వదులు కాకుండా పట్టి ఉంచే ఇత్తడి గిబ్ పట్టీ ఉంది, పట్టీ వెనక మరలున్నాయి. అరిగి ఆట, అంటే వదులు, వచ్చినప్పుడు మరలు కొద్దిగా బిగిస్తే ర్యామ్ మళ్ళీ నిటారుగా దిగుతుంది. పినియన్ అరిగినప్పుడు విప్పి, గేర్లు కోసేవాళ్ళ దగ్గర కొత్తది చేయించి వేశాం. అరుగుతుందని ముందే అనుకుని చేశారు కాబట్టే అది ఇన్నేళ్ళు ఉంది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి వేట సరదా. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను మళ్ళీ నింపుకోవడానికి అక్కడ చేతి ప్రెస్సులు వాడతారు. గొట్టాన్ని డైలోకి, అంటే కొలత అచ్చులోకి, నొక్కి పాత కొలతకు తేవాలి, ర్యామ్ వంకర పోతే తూటా పాడు. వాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రెస్సు వాడు పుట్టకముందుదట, బ్రహ్మాండంగా ఉందట. కాబట్టి నాది ఉత్త నాన్నగారి సామాను మీద మమకారం అనుకోవద్దు.

మీ ప్రెస్సుకు గిబ్ లేదు, బిగించుకునే మర లేదు. పినియన్‌ని ఇరుసుకి వెల్డింగ్ చేసేశారు, విడిగా మార్చే దారి లేదు. పగలకముందే ర్యామ్‌కి ఆట వచ్చింది. ర్యామ్ ఒరిగితే బేరింగ్ అడ్డంగా పట్టేస్తుంది, బలం బేరింగ్ లోపలి రింగు (ఇన్నర్ రేసు) మీద పడకుండా బాల్స్ మీదుగా పోయి గాడిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగే, కానీ మోటారు కూత పెడుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ ఏరియేటర్ ఆగితే రొయ్య చస్తుంది. అప్పుడు రైతు మీ కంపెనీని తిట్టడు, నన్ను తిడతాడు. తిట్టాడు కూడా.

కొత్త ఫ్రేము, పినియన్ ఇవ్వండి, లేదా బిల్లు మొత్తం వెనక్కి ఇవ్వండి. వెల్డింగ్ చేయించుకోమని మాత్రం సలహా ఇవ్వకండి. మెడ దగ్గర అతికించిన పోత ఇనుము కింద మా కుర్రాళ్ళ చేతులు పెట్టనివ్వను.

ఇది వ్యాపారానికి కొన్న వస్తువు, వినియోగదారుల చట్టం కిందకు రాదని కూడా డీలరు అన్నాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాణ్ణి 2019 చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. నేను ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, అందుకు రెండేళ్ళ గడువుంది. అంతదాకా పోవాలని నాకు లేదు, షాపు మూసి తిరిగే తీరిక అసలే లేదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మాత్రం ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత నెల్లూరు కమిషన్‌కి వెళ్తాను.

పగిలిన ప్రెస్సు తుక్కుకి వేయలేదు, పుట్టీ గీరిన చోటు అలాగే ఉంచాను. మీ ఇంజనీరుని పంపండి. డీలరుని కాదు.

ఇట్లు,
మోటార్ వైండింగ్ షాపు యజమాని, కావలి.

జత: బిల్లు, వారంటీ కార్డు జిరాక్సులు, ఫొటోలు.