వరదలో పనికొచ్చిన ట్రాక్టర్ జాబితాలో ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వానాకాలం ఏర్పాట్ల మీద జరిగిన సమీక్షా సమావేశం వార్త వచ్చింది. ఆ రోజే ఉత్తరం రాయబోయి, కోపం కాస్త దిగాక రాద్దామని ఆగాను. దిగలేదు. పడవలు ఎన్ని, లైఫ్ జాకెట్లు ఎన్ని, డ్రోన్లు ఎన్ని, గజ ఈతగాళ్లు ఎంతమంది అని బాక్సు కట్టి మరీ వేశారు. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. ట్రాక్టర్ అన్న మాట ఒక్కచోటా లేదు.

నేను ఉండేది విజయవాడ పాయకాపురంలో. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం ఇక్కడ ఏం జరిగిందో మీ పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయి. అవతల కృష్ణమ్మ నిండుగా ఉంది, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక బుడమేరు నీళ్లు పోయేదెక్కడికి? మా ఇళ్లలోకే వచ్చాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పదకొండు కార్లు మునిగాయి. అందులో ఒకటి పాతిక లక్షల బండి. ఎంత లోతు గుంటయినా దాటేస్తుందని దాని ఓనరు దసరాకి పూజ చేయించినప్పుడు మాకందరికీ చెప్పాడు. అది మొదటి గంటలోనే కళ్లు తేలేసింది. తర్వాత రిపేరుకు తీసుకెళ్తే లోపలున్న కంప్యూటర్ పోయిందన్నారట, పాపం.

మూడో రోజు, మంగళవారం పొద్దున, నున్న వైపు నుంచి మా బావమరిది వచ్చాడు. అతనిది నూజివీడు దగ్గర మామిడి తోట. తెచ్చింది మా మామగారు 1986లో కొన్న హెచ్‌ఎంటీ జెటార్ ట్రాక్టర్. చెకోస్లొవేకియా వాళ్ల సాయంతో హర్యానాలోని పింజోర్‌లో 1971 నుంచి తయారు చేసిన బండ్లు అవి. ఆ ట్రాక్టర్ల ఫ్యాక్టరీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయం కూడా తీసుకుంది. బండి మాత్రం ఆ నిర్ణయం సంగతి తనకు తెలియనట్టే తిరుగుతోంది.

అదెలా వచ్చిందో చూస్తే గాని నమ్మలేం. పొగగొట్టం మీద వాన పడకుండా బోర్లించిన పెయింట్ డబ్బా. రంగు ఎప్పుడో పోయింది, బానెట్‌ను సైకిల్ ట్యూబుతో కట్టాడు. లోతు నీళ్లలోకి దిగే ముందు ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. ఎందుకురా అంటే, ఫ్యాన్ తిరిగితే నీళ్లన్నీ ఇంజిన్ మీదకి చిమ్ముతుంది బావా అన్నాడు. వెనక తగిలించిన ట్రక్కు ఖాళీగా ఉంటే వరదకు తేలి పక్కకి లాగేస్తుందని దాంట్లో ఆరు ఇసుక బస్తాలు వేసుకొచ్చాడు. ఇవన్నీ అతనికి ఏ శిక్షణా శిబిరంలోనూ నేర్పలేదు. బ్యాటరీ వీక్ కాబట్టి పొద్దున తోసి స్టార్ట్ చేసిన బండిని చీకటి పడేదాకా ఆపలేదు. పులిహోర పొట్లం తిన్నంతసేపూ అది పక్కన డుగ్గు డుగ్గుమంటూనే ఉంది.

మా అమ్మకు 83 ఏళ్లు, మోకాళ్లు పనిచేయవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వరిగడ్డి మోపులు కట్టే తాడుతో కుర్చీని కట్టి, నలుగురం పైకెత్తి ట్రక్కులోకి చేర్చాం. ఆవిడ ఒళ్లో మందుల డబ్బా, పక్కింటివాళ్ల పిల్లి. అదే ట్రిప్పులో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె, డయాలసిస్‌కి వెళ్లాల్సిన ఒకాయన. తిరుగు ట్రిప్పులో పాల ప్యాకెట్లు, మంచినీళ్ల క్యాన్లు. ఆ రోజు మొత్తం తొమ్మిది ట్రిప్పులు తిరిగాడు. డబ్బులు తీసుకోలేదు. కొందరు పడవలవాళ్లు మనిషికి ఇంత అని రేటు కట్టిన సంగతి అప్పుడు పేపర్లలోనే చదివాం, అందుకని ఈ మాట రాస్తున్నాను. ట్రాక్టర్ అన్నిచోట్లకీ పోతుందని నేననను. ఛాతీ దాటిన నీళ్లలోకి పడవే పోవాలి. నడుము లోతు నీళ్లున్న సందుల్లో మాత్రం, అడుగున ఏ మ్యాన్‌హోల్ నోరు తెరుచుకుని ఉందో తెలియని చోట, ఆ పెద్ద వెనక చక్రాల్ని మించింది లేదు.

ఇతను ఒక్కడే కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎన్ని ట్రాక్టర్లు వచ్చాయో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద నిలబడి చూసినవాళ్లకు తెలుసు. అంతెందుకు, ముఖ్యమంత్రి గారే జేసీబీ ఎక్కి మునిగిన కాలనీలు తిరిగారు. ఆ ఆదివారమే ఖమ్మంలో మున్నేరు మధ్య ప్రకాశ్‌నగర్ వంతెన మీద ఇరుక్కున్న తొమ్మిది మందిని ఒడ్డుకు చేర్చిందీ జేసీబీనే. రోజూ మట్టి పని చేసుకునే బండి, రోజూ దాన్ని తోలే మనిషి. ఇంత చూశాక కూడా సమీక్షల్లో డ్రోన్ల గురించే మాట్లాడుకుంటే ఏమనాలి? డ్రోన్ అన్నం పొట్లం తెస్తుంది, కాదనను. మా అమ్మను మోస్తుందా?

అసలు బాధ చెబుతాను. ఆ మంగళవారం సాయంత్రం ఒక ఉద్యోగి వచ్చి బండి నంబరు, ఓనరు పేరు, ఫోన్ నంబరు నోట్‌బుక్కులో రాసుకున్నారు. డీజిల్ ఖర్చు ఇప్పిస్తామన్నారు. ఇతను అడగలేదు, వాళ్లే అన్నారు. నాలుగు నెలల తర్వాత సంక్రాంతి ముందు అదే బండి ఎరువు బస్తాలతో పోతుంటే రోడ్డు మీద ఆపి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాలేదని ఫైన్ వేశారు. డీజిల్ డబ్బులు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఫైన్ వెయ్యడం తప్పని నేను అనడం లేదు. కాగితాలు సరిగ్గా ఉండాల్సిందే. ట్రక్కుల్లో కూలీలను కిక్కిరిసి ఎక్కించి, మలుపులో బోల్తా కొట్టి ఎన్ని కుటుంబాలు నాశనమయ్యాయో నాకూ తెలుసు. కాకపోతే ఆ రెన్యువల్ కోసం అతను మూడుసార్లు తిరిగాడు. ఒకసారి సర్వర్ డౌన్, ఒకసారి సంబంధిత అధికారి మీటింగులో ఉన్నారు, మూడోసారి ఛాసిస్ నంబరు చెరిగిపోయింది, చదవడం కుదరడం లేదు పొమ్మన్నారు. బహుశా ఆ మీటింగు కూడా వరద ఏర్పాట్ల మీదే అయ్యుంటుంది.

పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించకూడదని కేంద్రం రూలు పెట్టింది. మంచిదే, కొత్త బండ్లు కొనుక్కోమనండి. ఆ కొత్త తెల్ల బండ్లు వరద రోజున ఫ్లైఓవర్ ఎక్కి ఆగిపోయాయి. అక్కడి నుంచి కిందకి దిగింది పాతవే. నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క మాత్రం నాకు అర్థం కావడం లేదు.

అడిగేది పెద్దదేం కాదు. ప్రతి మండలంలో నడిచే ట్రాక్టర్లు, ట్రక్కులు, తోలడం వచ్చిన మనుషుల ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. సచివాలయాల్లో ఇంతమంది సిబ్బంది ఉన్నారు, రెండు రోజుల పని. వరద రోజున పోసే డీజిల్‌కి ఎక్కడ, ఎవరు డబ్బు కడతారో ముందే తేల్చండి. నీళ్లలో దిగిన బండికి గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ మార్చాలి, బేరింగులు పోతాయి. ఆ రిపేరు ఖర్చయినా ఇవ్వండి. మా బావమరిదికి ఆ వరద తర్వాత ఆయిల్ మార్పులు, క్లచ్ ప్లేట్లు, ముందు చక్రాల బేరింగులు కలిపి పద్నాలుగు వేలు అయింది. బిల్లు నా దగ్గర ఉంది, కావాలంటే జిరాక్స్ పంపుతాను.

ఇక బుడమేరు కాలువను ఆక్రమించి ఎవరెవరు ఎక్కడెక్కడ కట్టుకున్నారన్నది ఈ ఉత్తరంలో పట్టదు. దానికి మీరు ప్రత్యేక పేజీ వేస్తే మా కాలనీ నుంచే అరడజను మంది రాస్తారు.

మా బావమరిది ఫోన్ నంబరు మార్చలేదు. ఆ రోజు నోట్‌బుక్కులో రాసుకున్నది ఇప్పటికీ పనిచేస్తోంది. వానలు మొదలయ్యే లోపు కొత్త బ్యాటరీ వేయిస్తానన్నాడు.

- ఒక రిటైర్డ్ టీచర్,
పాయకాపురం, విజయవాడ