చలికి చేపలు పడని వలలు: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నిర్మల్ జిల్లాలో ఒక జలాశయం మీద పడవ వేసుకొని బతికేవాళ్లలో నేనొకణ్ణి. మత్స్యకార సహకార సంఘంలో సభ్యుణ్ణే గానీ ఈ ఉత్తరం సంఘం తరఫున కాదు. ఒడ్డున పడవ బోర్లించుకొని ఎండల కోసం ఎదురుచూస్తున్న నాలాంటి కొందరి తరఫున రాస్తున్నాను. చేప పిల్లలను చలి రాకముందే నీళ్లలో వదిలించండి, చలికి వలలు ఖాళీగా వచ్చే నెలలకు కాస్త ఆసరా ఇప్పించండి. అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నామో చెప్పాలంటే మాత్రం కొంచెం వివరంగా రాయాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలంగాణలో చలి అంటే నవ్వొస్తుందేమో. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, నిర్మల్ వైపు డిసెంబర్, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు 6, 7 డిగ్రీలకు దిగుతాయి. టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. పత్తి కట్టె మంట చుట్టూ కూర్చున్న ముసలివాళ్ల ఫొటో పేపర్లో పడుతుంది. దాంతో చలి వార్త అయిపోతుంది. నీళ్ల మీద బతికేవాళ్లను ఆ చలి ఏం చేస్తుందో ఎక్కడా రాదు.

సాయంత్రం వేసిన వలను మబ్బులనే, అంటే తెల్లారకముందే లేచి తియ్యాలి. పడవ అంచంతా మంచు పట్టి తడిగా జారుతుంటుంది. తెడ్డు పట్టిన చెయ్యి సగం దారిలోనే మొద్దుబారుతుంది. గొంగడి కప్పుకుంటే వల లాగలేం, తీసేస్తే పళ్లు టకటకలాడతాయి. తడి నైలాన్ దారం వేళ్ల సందుల్లో కోసుకుపోతున్నా అప్పుడు నొప్పి తెలియదు. ఒడ్డుకొచ్చి మంట దగ్గర చేతులు చాపాక మొదలవుతుంది అసలు బాధ. పొగమంచు దట్టంగా కమ్మిన రోజున మన వల బెండ్లు మనకే కనిపించవు. పోనీ, పొద్దెక్కాక పోదామంటే తొమ్మిది దాటుతుంది. అప్పటికి చేపలు కొనే ఆటో వెళ్లిపోయి ఉంటుంది.

ఇంత తిప్పలు పడి లాగితే వలలో ఏముంటుంది? నాలుగు పరకలు, రెండు జెల్లలు, బోలెడంత నాచు. చలికి చేపలు ఎక్కడికీ పోవు, ఆ నీళ్లలోనే ఉంటాయి. కానీ చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడితే దానికి ఆకలి చస్తుంది, కదలిక తగ్గుతుంది, లోతుకు దిగి అడుగున పడి ఉంటుంది. బొచ్చె మామూలుగా పైపైన మేసే చేప. అది కూడా ఆ రోజుల్లో పైకి రాదు. మా వల ఏమో చేపను వెతుక్కుంటూ పోయేది కాదు, చేపే తిరుగుతూ వచ్చి తగులుకోవాలి. తిరగని చేప వలకు పడదు. దీనికి తోడు చలి రోజుల్లోనే కొర్రమట్టల ఒంటి మీద ఎర్ర మచ్చలు లేచి పుండ్లు పడతాయి. అలాంటి చేపను సంతలో ఎవరూ ముట్టరు. దొరికిన కాస్తా అలా పోతుంది.

ఇక మా గిరాకీ లెక్క. కార్తీకమంతా చాలా ఇళ్లలో నీసు వండరు. ఆ నెల చేపలు పడ్డా కొనేవాళ్లు తక్కువ. కార్తీకం దాటి గిరాకీ లేచే సరికి చలి ముదిరి చేపలు పడవు. మళ్లీ నీళ్లు వేడెక్కి వల బరువెక్కేది శివరాత్రి దాటాకే. యాసంగి పంటలకు కాల్వల్లో నీళ్లు వదిలి జలాశయం తగ్గుతున్న కొద్దీ చేపలు ఒకచోట చేరతాయి. అక్కణ్ణుంచి మృగశిర కార్తె దాకా మాకు పండగ. జూన్ మొదట్లో ఆ ఒక్క కార్తె నాడు చేప ముక్క తినని ఇల్లు మా వైపు వెతికినా దొరకదు. వానలు పడి చేపలు గుడ్లు పెట్టే రోజులొస్తే మళ్లీ వేట ఆపుతాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు పెద్దలు. చలి పోయే లోపు మా ఇంట్లో బియ్యం డబ్బా కూడా శివశివా అంటుంది, అదీ సంగతి.

పని లేని రోజులంటే ఖర్చు లేని రోజులని కాదు. పడవ మరమ్మతుకు చలికాలమే వీలు. చెక్క పడవను ఒడ్డుకు లాగి బోర్లించి, నాచు గీకి, ఎండబెట్టి తారు పూస్తాం. ఫైబర్ పడవైతే పగుళ్లకు రెజిన్ పట్టించాలి. చిరిగిన వల కంతలు కుట్టాలి. దారానికి, తారుకు, రెజిన్‌కు పైసలు కావాలి. పైసలిచ్చేది ఎవరంటే రేపు ఎండాకాలం మా చేపలు కొనే సేటే. మిత్తి గట్టిగా అడగడు. చేపలన్నీ ఆయనకే వేయాలంటాడు, రేటు కూడా ఆయన చెప్పిందే. మార్కెట్‌లో ఎంత పలికినా మా చేతికొచ్చేది అంతే. చలికాలంలో తీసుకున్న అడ్వాన్స్ ఎండాకాలం రాబడిని సగం మింగేస్తుంది.

మరి బ్యాంకుకు పోవచ్చు కదా అంటారు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి మత్స్యకారులకు కూడా వర్తింపజేశారు. టైముకు కడితే మిత్తి 4 శాతమే పడుతుంది. పేపరు మీద చాలా మంచి పథకం. అడగడానికి పోతే పట్టాదారు పాస్‌బుక్ ఏదన్నారు. సార్, నీళ్లకు పాస్‌బుక్ ఎవరిస్తారు? సంఘం సభ్యత్వ కార్డు, పడవ ఫొటో చూపించినా ఫైలు కదల్లేదు.

మా ఊరి పిల్లవాడొకడు అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ వేల చెరువులు ఉన్నాయట, చలికాలంలో అవి గడ్డకట్టి మనుషులు పైన నడుస్తారట. పడవలున్న వాళ్లు చలి మొదలవగానే వాటిని బయటకు లాగి, ఇంజన్‌లో చుక్క నీరు లేకుండా తీసేసి (నీళ్లు గడ్డకడితే ఇంజన్ పగులుతుందట), తెల్లటి ప్లాస్టిక్‌తో చుట్టి పెట్టుకుంటారు. వసంతం వచ్చి మంచు కరిగేదాకా నెలల తరబడి ఎదురుచూపులే. వీడియో కాల్‌లో ఆ పడవల వరుస చూపిస్తుంటే మా వాళ్లంతా ఫోన్ మీద పడ్డారు. అలా గడ్డకట్టే మంచు మాకు లేదు గానీ ఆ ఎదురుచూపు మాకు బాగా తెలుసు. కాకపోతే ఆ పడవల్లో ఎక్కువ భాగం సెలవు రోజు సరదాకు కొనుక్కున్నవి. మా పడవ ఒడ్డున ఉంటే పొయ్యి మీద గిన్నె ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చలిని మీరు ఆపలేరు. కానీ చలి దెబ్బను రెండింతలు చేస్తున్నది చేప పిల్లల ఆలస్యం. అది మీ చేతిలో పనే.

2016-17 నుంచి తెలంగాణలో ఉచితంగా చేప పిల్లలు వదులుతున్నారు. వానాకాలంలో నిండి ఎండాకాలం ఎండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలని లెక్క. పథకం మంచిదే. ఆ పిల్లలతోనే మా చాలా ఇళ్లు నిలబడ్డాయి. అయితే టెండర్లు లేటై పంపిణీ అక్టోబర్, నవంబర్ దాకా జారిన ఏళ్లున్నాయి. ఆగస్టులో నీళ్లలో పడ్డ పిల్లకు వెచ్చటి నీళ్లలో మూడు నెలల మేత దొరుకుతుంది. చలి వచ్చే సరికి అది అరచేయంత అవుతుంది, తట్టుకుంటుంది. నవంబర్‌లో పడ్డ పిల్ల నీళ్లు అలవాటు కాకముందే చలికి మేత మానేస్తుంది. ఫిబ్రవరి దాకా దాని పెరుగుదల దాదాపు ఆగినట్టే. ఏప్రిల్, మే నెలల్లో వల వేస్తే పావు కిలో, అర కిలో కూడా తూగని రోహులు వస్తాయి. కిలో చేపకు ఉన్న రేటు వాటికి రాదు. పోనీ, వచ్చే ఏడాదికి పెరుగుతాయిలే అని వదిలేద్దామంటే సేటు బాకీ ఊరుకోనివ్వదు. పిల్లను వదిలిన తేదీ తప్పితే చలికాలమూ పోతుంది, ఎండాకాలమూ పోతుంది.

ఆగస్టులో వదిలితే గేట్లు ఎత్తినప్పుడు పిల్లలన్నీ దిగువకు కొట్టుకుపోతాయి కదా అని అధికారులంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు మోయలేనంత వరద వచ్చి, కట్ట నిలుస్తుందా లేదా అని ఈ జిల్లా అంతా టెన్షన్‌తో రాత్రి గడిపింది. అలాంటి వరదలో చేప పిల్ల ఆగుతుందని ఎవరూ అనరు. కానీ దానికి మందు నవంబర్ దాకా ఆగడం కాదు. చిన్న సైజు చేప పిల్లలను జూలైలోనే తెప్పించి, జలాశయం పక్కన గుంటల్లో గానీ, నీళ్లలోనే వలతో కట్టిన మడుల్లో గానీ సంఘాలకు అప్పగించండి. మేం కాపలా కాసి మేత వేసి పెంచుతాం. వరద ఉధృతి తగ్గిందనగానే సెప్టెంబర్‌లో నీళ్లలో వదులుతాం. దూరం నుంచి లారీలో వచ్చి సగం చచ్చిపోయే పిల్లల కంటే ఇక్కడి నీళ్లకు అలవాటు పడ్డ పిల్ల బతుకుతుంది. ఆ మేత ఖర్చు, గుంటల తవ్వకం సర్కారు భరిస్తే చాలు, మనుషులం మేమున్నాం.

రెండోది ఆసరా. పొరుగున ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు గాను అక్కడి ప్రభుత్వం 2025లో ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చింది. మాకు సముద్రం లేదు, మమ్మల్ని ఆపేది జీవో కాదు, చలి. అందుకని అంత ఇవ్వమని అడగడం లేదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక వెసులుబాటు ఉంది. వేట నిషేధం ఉన్న నెలలకే గాక చేపలు పడని నెలలకు కూడా అది వర్తిస్తుంది. మత్స్యకారుడు 1,500 రూపాయలు దాచుకుంటే ప్రభుత్వాలు 3,000 కలుపుతాయి. మొత్తం 4,500ను మూడు నెలలకు, నెలకు 1,500 చొప్పున ఇస్తారు. ఉత్తర తెలంగాణ జలాశయాలకు ఆ మూడు నెలలు డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి అని మీ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. నెలకు 1,500 ఏం మూలకు వస్తుందని మీరు అనుకోవచ్చు. తారు డబ్బా, నైలాన్ దారం వస్తాయి. సేటు దగ్గర ఆ మేరకు తక్కువ తీసుకుంటాం, ఆ మేరకు చేపలు మా చేతిలో ఉంటాయి.

గతంలో 75 శాతం సబ్సిడీ మీద మోపెడ్లు ఇచ్చారు. చేపలు అమ్ముకోవడానికి అవి బాగానే పనికొచ్చాయి, కొందరు వాటి మీద పాలు కూడా అమ్ముతున్నారు, అది వేరే ముచ్చట. పడవల మరమ్మతుకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. లైఫ్ జాకెట్ల గురించి మొదలుపెడితే మరో ఉత్తరం అవుతుంది కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

చివరగా తేదీల సంగతి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో పిల్లలు నీళ్లలో పడాలంటే టెండర్ల పని జూన్‌లో మొదలైతే కుదరదు. ఒకసారి ఎవరూ వేయకపోతే మళ్లీ పిలవాలి, రేట్లు తేలాలి, పిల్లల సైజు చూడాలి, ఇవన్నీ నెలలు తినే పనులు. దయచేసి ఈసారి ఉగాది లోపే టెండర్లు పిలిపించండి. ఏ జలాశయానికి ఏ తేదీన ఎన్ని పిల్లలు వస్తాయో సంఘం ఆఫీసు గోడ మీద ముందే రాయించండి. ఆ రోజు పిల్లలను లెక్కపెట్టి దించుకోవడానికి మా పడవలు సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
ఒక పడవ యజమాని,
నిర్మల్ జిల్లా