ఓవర్‌ఫ్లో పైపుల గురగుర తగ్గాలంటే

సభ్యులకు నమస్కారం. ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు నుంచి సంప్‌లోకి (కింద ఉండే, నీటిని శుద్ధిచేసే తొట్టెలోకి) దిగే పైపు రాత్రంతా గురగురమంటోందని చాలామంది రాస్తున్నారు. నీటితోపాటు గాలి కూడా లోపలికి లాక్కుపోవడమే కారణం. ఓవర్‌ఫ్లో పెట్టెలో (ట్యాంకు పైమట్టం నీరు పొర్లి పడే అరలో) రెండు పైపులు ఉంటే హెర్బీ పద్ధతే మేలు, అంటే ఒక పైపు గాలి లేకుండా నిండుగా పారుతుంది, రెండోది అత్యవసరానికి ఉంటుంది. ప్రధాన పైపుకు గేట్ వాల్వ్ బిగించి, నీటిమట్టం దాని నోటిని దాటి నిలిచేవరకు కొద్దికొద్దిగా మూయండి. ప్రతిసారీ మట్టం కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. బాల్ వాల్వ్‌తో ఇంత సున్నితంగా సర్దడం కష్టం. సంప్‌లో పైపు చివర అంగుళం మేర మునిగితే చాలు. లోతుగా ముంచితే పంపు మళ్లీ మొదలైనప్పుడు గాలి సులభంగా బయటికి పోదు.

రెండో పైపు అత్యవసరానికి. దానికి మాత్రం దయచేసి ఎవరూ వాల్వ్ పెట్టకండి! మొదటిదానిలో నత్త అడ్డుపడితే ఇల్లు తడవకుండా కాపాడేది అదే. ఒకటే పైపు ఉన్నవారు పైమూతలో గాలి రంధ్రం ఉండే డర్సో గొట్టం అమర్చుకోండి.